కోర్టు తలుపు తట్టే లోపే...

అక్రమ వలసదారులన్న అనుమానం వస్తే చాలు, రోజుల్లో, ఒక్కోసారి గంటల్లోనే సరిహద్దు దాటించేస్తున్నారు. అలాంటప్పుడు న్యాయసమీక్ష ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? అండమాన్ సముద్రం మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన ప్రశ్న ఇది.

మిన్నీ బేకు పర్యాటకులు పెద్దగా రారు. సెల్యులార్ జైలు చూసి, రాస్ ద్వీపానికి పడవెక్కి, హేవ్‌లాక్ టికెట్ల కోసం హడావుడి పడేవారికి పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని ఉన్న ఈ చిన్న అఖాతంతో పనేముంటుంది? 2024 సెప్టెంబర్‌లో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చినా మిన్నీ బే పాత పేరుతోనే మిగిలింది. ఈ నగరంలో తెలుగు వినిపించడానికి ఎంతోసేపు పట్టదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు కాగా, అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలే వారిలో ఎక్కువ. విశాఖ రేవు ఇక్కడికి దాదాపు 1200 కిలోమీటర్ల దూరం. అదే ఉత్తరాన చిట్టచివరి ల్యాండ్‌ఫాల్ ద్వీపం నుంచి మయన్మార్‌కు చెందిన కోకో దీవులకు పట్టుమని వంద కిలోమీటర్లు కూడా ఉండవు.

ఈ భూగోళమే 2025 మే నెలలో రాజ్యాంగ ప్రశ్నగా మారింది. ఢిల్లీలో ఉంటున్న కొందరు రోహింగ్యాలను బయోమెట్రిక్ వివరాల సేకరణ పేరుతో పోలీసులు పిలిపించి నిర్బంధంలోకి తీసుకున్నారని, అక్కడి నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్‌కు తరలించారని, కళ్లకు గంతలు కట్టి నౌకాదళ నౌక ఎక్కించారని, మయన్మార్ తీరానికి దగ్గరలో లైఫ్ జాకెట్లు ఇచ్చి సముద్రంలోకి దింపేశారని సుప్రీంకోర్టులో దాఖలైన పిటిషన్ ఆరోపించింది. వారి సంఖ్య 43 అని, అందులో మహిళలు, పిల్లలు, వృద్ధులు ఉన్నారని పిటిషనర్లు చెప్పారు. వారిలో చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డులున్నాయన్నది వారి వాదన. మయన్మార్‌లో మానవ హక్కుల పరిస్థితిపై ఐరాస ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ దాదాపు ఇదే కథనాన్ని ప్రస్తావిస్తూ విచారణ ప్రారంభిస్తున్నట్లు మే 15న ప్రకటించారు. ఆయన లెక్కలో వారు సుమారు 40 మంది. ఈదుకుంటూ వారు ఒడ్డుకు చేరారని కూడా ఆ ప్రకటన చెప్పింది. కేంద్ర ప్రభుత్వం ఈ కథనాన్ని బహిరంగంగా ధ్రువీకరించలేదు.

సుప్రీంకోర్టు కూడా దాన్ని నమ్మలేదు. మే 16న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఎన్. కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం, ఇది అందంగా అల్లిన కథలా ఉందని వ్యాఖ్యానించింది. దేశం క్లిష్ట సమయంలో ఉండగా ఇలాంటి ఊహలతో వస్తారేమిటని పిటిషనర్లను నిలదీసింది. పహల్గాం దాడి, ఆ తర్వాతి ఆపరేషన్ సిందూర్ జరిగి అప్పటికి రోజులే అయింది. ఆధారాలు చూపించండి అన్నది కోర్టు మాట. సాక్షులంతా అవతలి ఒడ్డున ఉన్నప్పుడు ఆధారం ఎక్కడి నుంచి తేవాలన్నది పిటిషనర్ల ఇబ్బంది.

ఈ కథ నిజమా కాదా అన్నది ఒకనాటికి తేలవచ్చు, తేలకపోవచ్చు. దాని వెనకున్న ప్రశ్న మాత్రం ఈ 43 మందితో ఆగేది కాదు. విదేశీయుణ్ణి వెనక్కి పంపే అధికారం ప్రభుత్వానికి ఉందా అని ఇప్పుడెవరూ అడగడం లేదు. ఉందని ఏడు దశాబ్దాల క్రితమే తేలిపోయింది. ఆ అధికారాన్ని ప్రయోగించే క్షణానికి ముందు ఒక న్యాయమూర్తి ఆ ఫైలు చూసే వీలుందా అన్నదే అసలు సంగతి. పడవ వెళ్లిపోయాక వచ్చిన స్టే ఉత్తర్వుతో ఎవరికి ప్రయోజనం?

తిరుగులేని అధికారం

ప్రభుత్వ న్యాయవాదులు ఎప్పుడూ మొదట తెరిచే పుస్తకం 1955 నాటి హాన్స్ ముల్లర్ కేసు. కలకత్తా ప్రెసిడెన్సీ జైల్లో ఉన్న ఓ పశ్చిమ జర్మనీ పౌరుడి వ్యవహారం అది. 1946 నాటి విదేశీయుల చట్టం కింద దేశం నుంచి పంపించివేసే విషయంలో కేంద్రానికి సంపూర్ణమైన, అడ్డులేని విచక్షణాధికారం ఉందని, రాజ్యాంగంలో దాన్ని కట్టడి చేసే నిబంధన ఏదీ లేదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. బ్రిటిష్ పాలన చివరి రోజుల్లో చేసిన చట్టానికి స్వతంత్ర భారత రాజ్యాంగం కింద ఇంత విస్తృతమైన ఆమోదం దొరకడం అప్పట్లో పెద్దగా ఎవరినీ కలవరపెట్టలేదు.

1991లో లూయిస్ డి రేట్ కేసులో కోర్టు కాస్త మెత్తబడింది, కాస్తే. స్వాతంత్య్రానికి పదేళ్ల ముందే బీహార్ వచ్చి స్థిరపడిన బెల్జియం దేశస్థుడైన మిషనరీని దేశం విడిచి పొమ్మన్నారు. విదేశీయుడికి 21వ అధికరణం కింద జీవించే హక్కు, స్వేచ్ఛ ఉన్నాయి గానీ, 19వ అధికరణంలోని ‘దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కు’ పౌరులకే పరిమితమని కోర్టు చెప్పింది. అతని మాట వినాలా అంటే వినాలి, కానీ ఎలా వినాలన్న దానికి గీసి పెట్టిన పద్ధతి లేదంది. 2006లో హసన్ అలీ రైహానీ కేసులో మరో అడుగు వేసి, ఎందుకు పంపుతున్నారో కారణం చెప్పాలని, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. దేశ భద్రతకు సంబంధించిన వ్యవహారమైతే మాత్రం మినహాయింపు ఉంది.

ఈ రెండు పాయల మధ్యలో 1996 నాటి చక్మాల కేసు నిలబడుతుంది. అరుణాచల్‌ప్రదేశ్‌లోని సుమారు 65 వేల మంది చక్మాలను ‘వెళ్లిపోండి’ అంటూ స్థానిక సంస్థలు బెదిరిస్తుంటే జాతీయ మానవ హక్కుల కమిషన్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్ని, స్వేచ్ఛను కాపాడాల్సిన బాధ్యత రాజ్యానిదేనని కోర్టు చెప్పింది. శరణార్థుల తరఫు న్యాయవాదులు ఎప్పుడూ మొదట తెరిచే పుస్తకం ఇది.

రెండు పుస్తకాలూ ఎదురుపడింది 2021 ఏప్రిల్ 8న. జమ్మూలో పట్టుకుని హీరానగర్ సబ్‌జైల్లో ఉంచిన రోహింగ్యాలను మయన్మార్‌కు పంపొద్దంటూ వేసిన సలీముల్లా కేసులో చీఫ్ జస్టిస్ ఎస్.ఎ. బాబ్డే, జస్టిస్ ఎ.ఎస్. బోపన్న, జస్టిస్ వి. రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం ఉత్తర్వు ఇచ్చింది. 14, 21 అధికరణాలు ప్రతి వ్యక్తికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, ‘పంపివేయకుండా ఉండే హక్కు’ అన్నది నివాస హక్కుకు అనుబంధమే కాబట్టి అది పౌరులదేనంది. చివర్లో ఒక్క వాక్యం చేర్చింది. నిర్దేశిత విధానాన్ని పాటించకుండా వారిని పంపరాదన్నది దాని సారాంశం. (ఆ ధర్మాసనంలోని జస్టిస్ రామసుబ్రమణియన్, అంతకుముందు హైదరాబాద్ హైకోర్టులోనూ పనిచేసినవారు, 2024 డిసెంబర్‌లో చక్మాల కేసు వేసిన అదే మానవ హక్కుల కమిషన్‌కు చైర్మన్ అయ్యారు.) 2025 మే 8న సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా చూపించింది ఈ ఉత్తర్వునే. విచారణ ఉండగానే ముందు రాత్రి కొందరిని తరలించేశారని సీనియర్ న్యాయవాది కాలిన్ గోన్సాల్వెజ్ చెప్పినా ధర్మాసనం స్టే ఇవ్వలేదు. విదేశీయులని తేలితే విదేశీయుల చట్టం ప్రకారమే వారిని పంపాలని మాత్రం చెప్పింది. కానీ ఆ చట్టంలో ఉన్న ‘విధానం’ ఎంత? ప్రభుత్వం ఓ ఉత్తర్వు ఇవ్వడం, అధికారులు దాన్ని అమలు చేయడం. నిర్దేశిత విధానం పాటించమనడం బాగానే ఉంది. నిర్దేశించిందే పిడికెడైనప్పుడు పాటించడానికేముంటుంది?

తెలుగునేల నుంచి వెళ్లిన కేసులు

పార్లమెంటు తలచుకుంటే కోర్టుల తలుపును చట్టంతోనే మూసేయగలదా? ఈ ప్రశ్నకు భారత రాజ్యాంగం ఇచ్చిన జవాబు అమెరికా రాజ్యాంగం ఇచ్చిన దానికి భిన్నం. ఆ జవాబు రూపుదిద్దుకోవడంలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు వ్యవహారాల పాత్ర ఉంది. వలసలతో వాటికి ఏ సంబంధమూ లేదు. రెండూ గవర్నమెంటు ఉద్యోగుల గొడవలు.

తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకాన్ని అమలు చేయడానికి 1973లో రాజ్యాంగంలో 371-డి చేర్చారు. దాని కింద ఏర్పడే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే మార్చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు అని అందులో ఓ నిబంధన పెట్టారు. కేసు ఓడిపోయిన ప్రభుత్వమే తీర్పును కొట్టేయవచ్చన్నమాట! 1980ల్లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని తీసిపారేసింది. న్యాయసమీక్ష రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్లు తీర్పును పక్కన పెడితే చట్టబద్ధ పాలనే ఉండదని చెప్పింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి సకినాల హరినాథ్ కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. ట్రిబ్యునళ్లు పెట్టి హైకోర్టుల అధికారాన్ని తొలగించే వీలు కల్పించిన 323-ఎ అధికరణంలోని భాగం చెల్లదంది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సమర్థించింది. 226వ అధికరణం కింద హైకోర్టుకు, 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉన్న సమీక్షాధికారాన్ని రాజ్యాంగ సవరణతో కూడా లాగేసుకోలేరన్నది ఆ తీర్పు సారం.

కాబట్టి ‘ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమం’ అని చట్టంలో ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా హైకోర్టు రిట్ అధికారం చెక్కు చెదరదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టంలో అలాంటి మాట ఉంది. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు పాత చట్టాల స్థానంలో వచ్చిన ఈ చట్టంలోనూ, తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం ఆ వ్యక్తి మీదే ఉంది. అయినా 226 ఉంది. కాగితం మీద భారతదేశంలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చిక్కల్లా అక్కడి దాకా చేరే వ్యవధిలోనే.

కాలాపానీ వెనక్కి తిరిగితే

ఒకప్పుడు మనుషుల్ని దేశం నుంచి తెచ్చి ఇక్కడ పడేసేవారు. 1879 రంప తిరుగుబాటుదారుల్లో కొందరిని పంపింది ఈ దీవులకే. ఇప్పుడు ఈ దీవుల పేరు వినబడుతున్నది దేశం నుంచి బయటికి పంపే దారిగా. ఈ మధ్యకాలంలో అండమాన్ కోర్టుకు తెచ్చిన ప్రతి శరణార్థి కేసులోనూ దూరం, సమయం అనే రెండు అంశాలే నిర్ణాయకమయ్యాయి.

మొదటిది 1992 నాటిది. అండమాన్‌కు వచ్చిన బర్మా శరణార్థులను వెనక్కి పంపడానికి సిద్ధమవుతుంటే మాలవికా కార్లేకర్ కేసులో సుప్రీంకోర్టు ఆపింది. శరణార్థి హోదా కోసం వారు చేసుకున్న అభ్యర్థన తేలలేదని, ప్రాథమికంగా చూస్తే వారి వాదనలో బలముందని చెప్పింది. సిద్ధాంతాల జోలికి పోకుండా ఇచ్చిన చిన్న ఉత్తర్వు. అయినా మూడు దశాబ్దాలుగా ప్రతి శరణార్థి కేసులోనూ దాన్ని ఉదహరిస్తున్నారు. అక్కడ కోర్టు ముందు నిలిచింది ఇంకా ఈ గడ్డ మీదే ఉన్న మనుషులు. తేడా అంతా అందులోనే ఉంది.

రెండోది 1998 ఫిబ్రవరిలో మొదలైంది. ‘ఆపరేషన్ లీచ్’ పేరిట సైన్యం ల్యాండ్‌ఫాల్ ద్వీపంలో అరకాన్, కరెన్ తిరుగుబాటుదారులను పట్టుకుంది. ఆయుధాల స్మగ్లర్లని సైన్యం చెబితే, భారత నిఘా అధికారే తమను రమ్మని మోసం చేశాడని వారు చెప్పారు. వారి నాయకులు ఆరుగురు ఆ ద్వీపంలోనే వివాదాస్పద పరిస్థితుల్లో చనిపోయారు. మిగిలిన వారిలో 34 మంది పోర్ట్ బ్లెయిర్ జైల్లో, ఆ తర్వాత కోల్‌కతాలో ఏళ్ల తరబడి ఉండి 2011లో గానీ బయటపడలేదు. న్యాయవాది నందితా హక్సర్ వారి తరఫున పోరాడి ఓ పుస్తకమే రాశారు. అక్కడ అతివేగం సమస్య కాలేదు, అంతులేని ఆలస్యం సమస్య అయింది. కానీ ఆ ఆలస్యమే వారిని బతికించిందని అనుకునేవారూ ఉన్నారు. కేసు నడుస్తున్నంత కాలం వారిని బర్మా సైనిక ప్రభుత్వానికి అప్పగించడం కుదరలేదు మరి.

ఇక పడవల కథలు వేరు. 2008 డిసెంబర్‌లో థాయ్‌లాండ్ సైన్యం సముద్రంలోకి నెట్టేసిన పడవల్లో వంద మందికి పైగా రోహింగ్యాలు, బంగ్లాదేశీయులను లిటిల్ అండమాన్ దగ్గర భారత తీర రక్షక దళం కాపాడి పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చింది. 2021 ఫిబ్రవరిలో కాక్స్ బజార్ నుంచి బయల్దేరిన పడవ ఇంజన్ చెడిపోయి అండమాన్ సముద్రంలో కొట్టుకుపోతుంటే మళ్లీ తీర రక్షక దళమే వెళ్లింది. అప్పటికే ఎనిమిది మంది చనిపోయారు, 81 మంది ప్రాణాలతో ఉన్నారు. తిండి, నీళ్లు, మందులు అందించారు, ఒడ్డుకు మాత్రం తేలేదు. బంగ్లాదేశ్ తీసుకుంటుందేమోనని ఎదురుచూశారు, ఆ దేశం తమ బాధ్యత కాదంది. ఒడ్డున కాలు పెడితే ‘ఏ వ్యక్తినీ’ అని మొదలయ్యే 21వ అధికరణం వర్తిస్తుందన్న సంగతి తెలియనివారెవరూ ఆ నిర్ణయాల్లో లేరు.

అండమాన్ నికోబార్‌కు సొంత హైకోర్టు లేదు. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఉంది. కోల్‌కతా నుంచి న్యాయమూర్తులు వంతులవారీగా వచ్చి కూర్చుంటారు. ఢిల్లీలో పట్టుకుని, పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దింపి, సముద్రం మీదికి తీసుకెళ్లిన మనిషి కోసం హెబియస్ కార్పస్ వేయాలంటే ఏ కోర్టులో వేయాలి? పట్టుకున్న చోటా, ఉంచిన చోటా? బంధువుకు అతడెక్కడున్నాడో తెలిసేసరికి ఈ ప్రశ్నే అప్రస్తుతమవుతుంది. 226వ అధికరణంలోని రెండో క్లాజు వివాదానికి కారణమైన ఘటన పాక్షికంగా జరిగిన చోటి హైకోర్టుకు కూడా అధికారం ఇస్తోంది కాబట్టి చట్టం దృష్టిలో రెండు చోట్లా వేయవచ్చు. ఆచరణలో ఫోన్ లాక్కున్న మనిషి ఏ లాయరుకు చెప్పుకుంటాడు?

అమెరికా మూసిన తలుపు

తెలుగు పాఠకులకు ఫాస్ట్‌ట్రాక్ బహిష్కరణ కొత్త కాదు. రోహింగ్యాల కంటే ముందే మన పిల్లలే దాన్ని చవిచూశారు. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని రెండు విశ్వవిద్యాలయాల్లో చేరడానికి సరైన వీసాలతో వెళ్లిన తెలుగు విద్యార్థులను శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ప్రశ్నించి తిరుగు విమానం ఎక్కించారు. ఆ దెబ్బకు ఎయిరిండియా 19 మందిని హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. అధికారి ముందు కూర్చున్న కొన్ని గంటలే వారికి దొరికిన విచారణ. లాయరు లేడు, జడ్జి లేడు. 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం సృష్టించిన ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ పద్ధతి ఇది. అందులో అధికారి సంతకమే తీర్పు. సాధారణంగా అయిదేళ్ల పాటు తిరిగి అడుగు పెట్టనివ్వరు. ఆ పద్ధతిపై కోర్టుల సమీక్షను చట్టమే దాదాపుగా నిషేధించింది.

2020 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. పిటిషనర్ తురైసిగియం శ్రీలంక తమిళుడు. మెక్సికో సరిహద్దు దాటి పట్టుమని పాతిక గజాలు నడిచాడో లేదో పట్టుబడ్డాడు. తన దేశంలో తనను హింసించారన్న అతని మాటను అధికారులు నమ్మలేదు. హెబియస్ కార్పస్ కోరితే, నిర్బంధం నుంచి విడుదల కోసమే తప్ప దేశంలో ఉండనివ్వమని అడగడానికి ఆ రిట్ పనికిరాదని జస్టిస్ అలిటో రాసిన మెజారిటీ తీర్పు తేల్చింది. సరిహద్దులో దొరికిన వాడికి కాంగ్రెస్ ఇచ్చిందే ‘న్యాయ ప్రక్రియ’ అంది. జస్టిస్ సోటోమేయర్, జస్టిస్ కేగన్ విభేదించారు. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం సరిహద్దుకే పరిమితమైన ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. రెండేళ్లుగా అమెరికాలో ఉన్నట్లు అక్కడికక్కడే చూపలేని, అనుమతి లేకుండా ప్రవేశించిన వారెవరికైనా వర్తిస్తుందంది. అదే ఏడాది ఆగస్టు 29న వాషింగ్టన్‌లోని జిల్లా న్యాయమూర్తి జియా కాబ్ ఆ విస్తరణను నిలిపివేశారు. సరిహద్దుకు వర్తించే తర్కం, దేశం లోపల ఇల్లు కట్టుకుని ఉన్నవాడికి వర్తించదన్నది ఆమె తర్కం.

ఇక్కడ విచిత్రం ఒకటుంది. 2025 ఏప్రిల్ 7న అమెరికా సుప్రీంకోర్టు, వెనెజువెలా దేశస్థులను 1798 నాటి శత్రుదేశీయుల చట్టం కింద పంపే కేసులో ప్రభుత్వానికి అనుకూలంగానే తీర్పు ఇచ్చింది. నిర్బంధించిన చోటి కోర్టుకే వెళ్లాలని చెప్పింది. కానీ పంపబోయే ముందు ప్రతి ఒక్కరికీ నోటీసు ఇవ్వాలని, కోర్టుకు వెళ్లడానికి సరిపడా సమయం ఉండేలా ఇవ్వాలని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒకే మాటగా అన్నారు. అంటే, చట్టం తలుపు మూసిన దేశంలో కోర్టు ‘ముందు చెప్పండి’ అంటోంది. తలుపు మూయడానికి రాజ్యాంగమే ఒప్పుకోని దేశంలో ముందు చెప్పాలన్న ఆదేశం ఇంకా స్పష్టంగా రావాల్సి ఉంది.

పది రోజులు, 24 గంటలు

భారత ప్రభుత్వ వాదనలో బలం లేదనలేం. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు కూడా విదేశీయుల బహిష్కరణకు సంబంధించిన 13వ అధికరణంపై ప్రత్యేకంగా తన హక్కును అట్టిపెట్టుకుంది. లక్షల సంఖ్యలో అక్రమ వలసదారులు ఉన్నారని చెబుతూ ఒక్కొక్కరికీ ఏళ్ల తరబడి కోర్టు విచారణ అంటే అది జరిగే పని కాదన్నది అధికార వర్గాల మాట. అస్సాంలో విదేశీయుల ట్రిబ్యునళ్ల తీరు చూసిన వారెవరికైనా ఆ విసుగు అర్థమవుతుంది.

ఆ విసుగు నుంచే అస్సాం ప్రభుత్వం అటకెక్కిన చట్టాన్ని కిందికి దించింది. 1950లో చేసిన అస్సాం వలసదారుల బహిష్కరణ చట్టం దశాబ్దాలుగా దుమ్ముపట్టి ఉంది. పౌరసత్వ చట్టంలోని 6-ఎ సెక్షన్‌ను సమర్థిస్తూ 2024 అక్టోబర్‌లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని గుర్తు చేయడంతో ముఖ్యమంత్రి హిమంత బిశ్వశర్మకు మార్గం దొరికింది. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన విధివిధానాల ప్రకారం అనుమానం వచ్చిన వ్యక్తికి జిల్లా కమిషనర్ పది రోజుల గడువు ఇస్తారు. పౌరుణ్ణని నిరూపించుకోలేకపోతే 24 గంటల్లో వెళ్లిపోవాలని ఉత్తర్వు ఇస్తారు. ట్రిబ్యునల్ దాకా వెళ్లే పని ఉండదు. ఆ 24 గంటల్లో గువాహటి హైకోర్టుకు వెళ్లడం చట్టప్రకారం సాధ్యమే. బ్రహ్మపుత్ర వరదల్లో కాగితాలు పోగొట్టుకున్న కూలీకి అది ఎంతవరకు సాధ్యమన్నది చట్టం అడగని ప్రశ్న.

వేగం వల్ల జరిగే నష్టం అక్రమ వలసదారుడితోనే ఆగదని చెప్పడానికి 2025 జూన్‌లో బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాకు చెందిన రెండు కుటుంబాలకు జరిగిందే చాలు. ఢిల్లీలో పని చేసుకుంటున్న ఆరుగురిని బంగ్లాదేశీయులని పట్టుకుని రోజుల వ్యవధిలో సరిహద్దు అవతలికి నెట్టేశారు. వారిలో ఒకరు గర్భిణి. అవతల బంగ్లాదేశ్ పోలీసులు వారిని అక్రమంగా వచ్చిన భారతీయులని అరెస్టు చేశారు. పౌరుణ్ణని చెప్పుకునే వ్యక్తి విషయంలో సొంత రాష్ట్రం నుంచి 30 రోజుల్లోగా నిర్ధారణ తెప్పించుకోవాలని కేంద్ర హోంశాఖే 2025 మే 2న ఉత్తర్వు ఇచ్చింది. ఆ విచారణ జరగనేలేదు.

ఆ గర్భిణి తండ్రి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌పై సెప్టెంబర్ 26న తీర్పు ఇచ్చింది కలకత్తా హైకోర్టు, పోర్ట్ బ్లెయిర్ మీద కూడా అధికారం ఉన్న అదే హైకోర్టు. జస్టిస్ తపోబ్రత చక్రవర్తి, జస్టిస్ రీతోబ్రత కుమార్ మిత్రాల ధర్మాసనం ముందు కేంద్రం మొదట లేవనెత్తింది ఏ కోర్టు వినాలన్న వివాదమే. ఢిల్లీలో జరిగిన దానికి కలకత్తాతో ఏం పని అంది. ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, విపరీతమైన తొందరపాటుతో చేసిన బహిష్కరణ చెల్లదని, నాలుగు వారాల్లో ఆరుగురినీ వెనక్కి తీసుకురావాలని ఆదేశించింది. అనుమానం ఎంత బలమైనదైనా రుజువుకు ప్రత్యామ్నాయం కాదన్నది ఆ తీర్పులోని కీలకాంశం.

కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ రోహింగ్యాల కేసు కూడా అలాగే ఉంది. 2025 జులై 31న జస్టిస్ సూర్యకాంత్ ధర్మాసనం, వారు శరణార్థులా లేక అక్రమంగా చొరబడినవారా, చొరబాటుదారులే అయితే పంపివేత సమంజసమేనా, నిరవధికంగా నిర్బంధించవచ్చా, శిబిరాల్లో ఉన్నవారికి కనీస వసతులు అందుతున్నాయా అన్న ప్రశ్నలు రూపొందించింది. పంపబోయే ముందు నోటీసు ఇవ్వాలా, ఎంత ముందుగా ఇవ్వాలి అన్నది ఆ జాబితాలో విడిగా లేదు. డిసెంబర్ 2న, అప్పటికి చీఫ్ జస్టిస్ అయిన సూర్యకాంత్, కస్టడీ నుంచి కొందరు రోహింగ్యాలు కనిపించకుండా పోయారన్న పిటిషన్ వింటూ చొరబడిన వారికి ఎర్ర తివాచీ పరవాలా అని అడిగారు.

ఆ మరునాడే, డిసెంబర్ 3న, సొలిసిటర్ జనరల్ బీర్‌భూమ్ మహిళను, ఆమె ఎనిమిదేళ్ల కొడుకును మానవతా దృష్టితో వెనక్కి తీసుకువస్తామని సుప్రీంకోర్టుకు తెలిపారు. దీన్ని హక్కుగా పరిగణించరాదని, హైకోర్టు తీర్పుపై తమ అభ్యంతరాలు అలాగే ఉంటాయని కూడా చెప్పారు. డిసెంబర్ 5న తల్లీకొడుకులు మాల్డా జిల్లా సరిహద్దు దాటి వచ్చారు. మిగిలిన నలుగురు ఆ రోజుకు అవతలే ఉన్నారు.